ఇంటికొకటి, అరుగుకొకటి

మా ఇంటికి వైఫై వచ్చిన రోజున పెరట్లో ఆవకాయ పని జరుగుతోంది. నేను చాప మీద కూర్చుని కాయలు తుడుస్తున్నాను. పక్కింటి వదినగారు ఎదురుగా కూర్చుని ముక్కల్లోంచి జీడి తీస్తోంది. గోడకి పెట్టె బిగించడం అయిపోయాక కేబుల్ అతను పెరట్లోకి వచ్చి, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారండీ అని అడిగాడు. నాకేమీ తోచలేదు. “కొత్తపల్లి కొబ్బరి అని పెట్టెయ్యవయ్యా” అంది వదినగారు, ముక్క మీంచి తల ఎత్తకుండా. ఆ ఏడు మేము ఆవకాయకి తెచ్చుకున్న కాయలవి. అతను దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసి వెళ్ళిపోయాడు. అంటే మా ఇంటి వైఫైకి తాళం వేసింది నేను కాదు, ఆవిడ. ఆ తాళం నేను మార్చినప్పుడు అంత రాద్ధాంతం కావడానికి అదీ ఒక కారణమే.

వదినగారు అంటే నిజం చుట్టం కాదు. నేను ఆత్రేయపురానికి కోడలిగా వచ్చేసరికి ఆవిడ పక్కింటి కోడలు. నేను టౌనులో పుట్టినదాన్ని. కట్టెల పొయ్యి రాజెయ్యడం రాదు, ఆవకాయలో ఉప్పెంత పడుతుందో తెలియదు, అత్తగారి ముందు నోరు విప్పడం అసలే రాదు. పెరటి గోడలో ఉన్న చిన్న తలుపు తోసుకుని వచ్చి, “కళ్ళు అలా ఉన్నాయేంటి వదినగారూ, పొగేనా?” అని అడిగిన మొదటి మనిషి ఆవిడ. పొగ కాదని ఆవిడకి తెలుసు. ఆ రోజునుంచీ ఆవిడ నన్ను వదినగారంటుంది, నేనూ ఆవిడని వదినగారనే అంటాను. తరవాత మా అత్తగారు పోయారు, వాళ్ళ అత్తగారూ పోయారు, ఆవిడ భర్త కూడా పోయారు. పగటిపూట మాత్రం ఆ పెరటి తలుపుకి ఎప్పుడూ గడియ పడలేదు. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి రాజమహేంద్రవరంలో కాలేజీకి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఆ మధ్యలో నా రోజంతా ఆవిడే. ఈ ఊళ్ళో నా మనిషి అని చెప్పుకోవడానికి నాకున్నది ఆవిడొక్కతే. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే వైఫై గొడవలో నేను పోగొట్టుకోబోయింది ఈ మనిషినే.

వదినగారు పూతరేకులు చేస్తుంది. మా ఊళ్ళో అది వింతేమీ కాదు. వాళ్ళ ఇంటి వెనక భాగంలో రేకుల గది అని ఒకటుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటే, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా పరిచి తీస్తుంది. రెప్పపాటులో రేకు లేచి చేతిలోకి వస్తుంది. పొయ్యి వెలిగిందంటే ఆ గది తలుపు మూసేస్తుంది. గాలి తగిలితే రేకు చిరుగుతుంది కాబట్టి ఫ్యాను కూడా లేదు. లోపలికి ఎవరినీ రానివ్వదు, నన్ను కూడా. తలుపుకి అవతల ఆవిడ చేతులు ఆడుతుంటాయి, ఇవతల గడప మీద నేను చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చుంటాను. మా కబుర్లు సగం అలా చెక్క తలుపులోంచే సాగుతాయి. రేకులు చుట్టడం, పెట్టెల్లో సర్దడం, వీధి వైపు అమ్మకం ఆవిడ కోడలు చూసుకుంటుంది.

నా పని వేరు. హైదరాబాదులో ఉన్న ఒక కంపెనీకి ఇంటినుంచే చేస్తాను. ఆస్పత్రుల్లో డాక్టర్లు మాట్లాడి పంపినవి చెవుల్లో పెట్టుకుని విని, కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఎవరికి ఏ జబ్బో, ఎవరికి ఏ ఆపరేషనో, ఎవరు భర్తకి తెలియకుండా ఏ పరీక్ష చేయించుకున్నారో అన్నీ నా చెవుల్లోంచే పోతాయి. ఆ మనుషులెవరూ నాకు తెలియదు. అయినా రోజూ పని ముగించి కంప్యూటర్ మూసేటప్పుడు, ఎవరివో నగలు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నట్టే ఉంటుంది.

మా వీధిలో లేదనడం పెద్ద మాట. పాలల్లోకి తోడు కావాలంటే గిన్నె పట్టుకుని ఏ ఇంటికైనా వెళ్ళొచ్చు. కరివేపాకు అడగనక్కర్లేదు, వచ్చి కోసుకుపోవడమే. కూర పంపిన గిన్నె మాత్రం ఖాళీగా తిప్పి పంపకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపాలి. వైఫై కూడా మెల్లగా ఈ వరసలోకే చేరింది. వాళ్ళ రేకుల గది దగ్గర ఫోను సిగ్నల్ అందదు, మా పెట్టె మాత్రం ఆ గోడకే ఉంది. ఆర్డర్లన్నీ ఫోనులోనే వస్తాయి కాబట్టి వదినగారు మాది వాడుకునేది. వాడుకోమని చెప్పింది నేనే, అందులో ఆలోచించడానికేముంది?

ఒక రోజు మా కంపెనీ వాళ్ళు ఇంటినుంచి పనిచేసే అందరికీ ఒక హుకుం పంపారు. మీ ఇంటి రౌటర్ పేజీ తెరిచి, దానికి ఏమేం తగులుకుని ఉన్నాయో ఫొటో తీసి పంపమని. వాళ్ళు చెప్పినట్టే తెరిచాను. మా ఇంట్లో మనుషులం ఇద్దరం, ఫోన్లు రెండు, కంప్యూటర్ ఒకటి. పేజీ చూస్తే కిందకి జరుపుతున్న కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఎవరెవరివో ఫోన్లు, వాటి కంపెనీల పేర్లు కూడా నేను వినలేదు. ఒక టీవీ కూడా ఉంది. మా ఇంట్లో అలాంటి టీవీ లేదు. నేనది చూస్తుండగానే మరో ఫోను వచ్చి చేరింది. నాకు ఒళ్ళు మండింది.

ఆ ఫోను ఎక్కడిదో చూద్దామని చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళాను. ఎప్పుడూ పెరటి దారినే తిరిగేదాన్ని కదా, వదినగారి ఇంటి ముందు భాగం చూసి ఎన్నాళ్ళయిందో. వీధిలో రెండు కార్లు ఆగి ఉన్నాయి. పూతరేకుల కోసం వచ్చిన వాళ్ళు అరుగు మీద కాళ్ళు చాపుకుని, పెట్టెలు కట్టేలోపు ఫోన్లలో సినిమా పాటలు చూస్తున్నారు. వాళ్ళ తలల పైన మేకుకి పూతరేకుల పెట్టె మూత ఒకటి వేలాడుతోంది. దాని మీద వదినగారి చేతిరాతతో, గుండ్రటి అక్షరాల్లో, కొత్తపల్లి కొబ్బరి అని తెలుగులోనూ, కింద ఇంగ్లీషులోనూ రాసి ఉంది. ఆ టీవీ ఎదురింటి వాళ్ళదనీ, అది మా వైఫైలోకి ఎలా వచ్చిందో అప్పుడర్థమయింది.

వదినగారు లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి వాళ్ళకిస్తోంది. నేను మూత వైపు చూపించాను.

“అదా అండి? నెట్టు రావట్లేదని అడుగుతున్నారండి పాపం. ప్రతివాళ్ళకీ చెప్పలేక రాసి పెట్టేశాను” అంది.

“ఊళ్ళో అందరూ వాడేస్తున్నారు వదినగారూ.”

“వాడితే తరిగిపోతుందాండి? ఎండన పడొచ్చినవాళ్ళు మంచినీళ్ళడిగితే ఇస్తాంగా. ఇదీ అంతే.”

ఇంత అమాయకంగా నన్ను ముంచిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. వాళ్ళందరి ముందూ ఏమంటాను? ఇంటికొచ్చి మా కంపెనీలో ఈ వ్యవహారాలు చూసే అతనికి ఫోను చేశాను. అతను నా మాట అంతా విన్నాడు. తరవాత చాలా మర్యాదగా, “ఇలా ఉంటే ఇంటినుంచి పని కుదరదండి మేడం” అన్నాడు. మంచివాడే, ఉపాయం కూడా తనే చెప్పాడు. ఒకే పెట్టెలోంచి రెండు వైఫైలు వచ్చేలా చేసుకోవచ్చట. ఒకటి ఇంట్లోవాళ్ళకి, ఒకటి బయటివాళ్ళకి. బయటివాళ్ళకి నెట్టు మామూలుగానే వస్తుంది కానీ, ఇంట్లో కంప్యూటర్ జోలికి రాలేరు. ఇంటిదానికి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి ఎవరికీ చెప్పొద్దన్నాడు. స్నేహితులకైనా, చుట్టాలకైనా రెండోదే ఇమ్మన్నాడు. ఫోనులో అతను చెబుతుంటే నేను ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయాను.

చివర్లో రెండింటికీ పేర్లు పెట్టమన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఒకదానికి ఇల్లు అనీ, రెండోదానికి అరుగు అనీ పెట్టాను. దారిన పోయేవాళ్ళు కాసేపు కూర్చుని వెళ్ళేది అరుగు మీదే కదా. నా తెలివికి నేనే తెగ మురిసిపోయాను. ఆ వారం పని నెత్తి మీద ఉంది. అందుకని పెరటి తలుపు దాకా వెళ్ళకుండా వదినగారికి ఫోనులోనే రాసి పంపేశాను. పాతది తీసేశాను, ఇకనుంచి మీరు అరుగు అని ఉన్నదాంట్లో చేరండి, పాస్‌వర్డ్ ఇదీ అని.

మర్నాడు వీధి గుమ్మం దగ్గర గంట మోగింది. తలుపు తీస్తే వదినగారు. ఈ ఇంటి గంట ఆవిడ నొక్కడం నేనెప్పుడూ చూడలేదు. గంట ఎక్కడుందో ఆవిడకి తెలుసని కూడా నేననుకోలేదు. ఉతికిన చీర కట్టుకుని, గడపకి అవతల చెప్పులు విడిచి నిలబడి ఉంది.

“గ్యాసు బండ వచ్చిందండి. మీరు పనిలో ఉంటే మా ఇంట్లో దింపించాను. చెబుదామని వచ్చాను” అంది.

“లోపలికి రండి, కాఫీ పెడతాను.”

“పనుందండి” అని వెళ్ళిపోయింది.

మరో రెండు రోజులు అలాగే. వస్తే వీధి గుమ్మంలోంచే రావడం, గంట నొక్కడం, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోవడం. ముఖంలో కోపం లేదు. కోపముంటే నాకు బాగుండేది, మేము పోట్లాడుకోవడం ఎరగనివాళ్ళం కాదు. ఇది మర్యాద. ఆవిడ నాతో అంత మర్యాదగా ఉండడం చూసి నాకు భయమేసింది. ఏమైందండీ అని అడిగితే, ఏముందండీ, ఏమీ లేదు అనేది.

ఉండబట్టలేక పనసపొట్టు కూర చేశాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూరంటే ఆవిడ ప్రాణం పెడుతుంది. గిన్నెడు పంపాను. సాయంత్రానికి వాళ్ళ పనిమనిషి చేత గిన్నె తిరిగొచ్చింది. తళతళలాడేలా తోమి, పొడిగుడ్డతో తుడిచిన గిన్నె. మూత తీసి చూస్తే లోపల ఏమీ లేదు.

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మా ఆయన నన్ను చూసి, “తోమిన గిన్నె పంపిందని ఏడ్చే మనిషిని నిన్నే చూశాను” అన్నారు. తరవాత నా చేతిలోంచి గిన్నె తీసుకుని, ఆయనా ఒకసారి లోపలికి చూశారు. ఖాళీ గిన్నె అంటే మా వీధిలో ఏమిటో ఆయనకి నాకంటే బాగా తెలుసు, పుట్టింది ఇక్కడేగా. “పోయి మాట్లాడు. చిలికి చిలికి గాలివాన అయ్యేదాకా కూర్చోకు” అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన బస్సెక్కగానే పెరటి తలుపు తోసుకుని వెళ్ళాను. కొబ్బరాకుల పొగ వస్తోంది. రేకుల గది తలుపు మూసే ఉంది. గడప మీద కూర్చున్నాను.

“వదినగారూ.”

లోపల గుడ్డ పరిచే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలయింది.

“నామీద కోపమెందుకో చెబితేగానీ ఇక్కణ్ణించి లేవను. మీ రేకులన్నీ అయ్యేదాకా కూర్చుంటాను.”

“కూర్చోండి. గడప ఎవరిది, మీదే కదండీ” అంది. గొంతు మామూలుగానే ఉంది. కాసేపాగి, “మీరేమో మాకు అరుగు అని పెట్టారు” అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

“నా ఫోనులో రెండూ కనిపిస్తున్నాయండి. పైన ఇల్లు అని ఒకటి, కింద అరుగు అని ఒకటి. మీరు నన్ను అరుగు మీద కూర్చోమన్నారు. నేనెప్పుడైనా మీ అరుగు మీద కూర్చున్నానా వదినగారూ? మీ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో నాకు తెలుసు. మీ అత్తగారికి ఆఖరిసారి తులసి తీర్థం పోసిన చేతులివి. ఇప్పుడు మీకు గడ్డపెరుగు, నాకు మజ్జిగ తేట. నేను చెప్పిన కొత్తపల్లి కొబ్బరి కూడా తీసేశారు.”

మా కంపెనీ వాళ్ళ హుకుం సంగతి, కార్ల వాళ్ళు, ఎదురింటి టీవీ, అన్నీ గడగడా చెప్పాను. ఆవిడ వింటోందో లేదో తెలియలేదు. చివరికి నాకు కోపమొచ్చింది. ఎంతైనా నాది ఓపిక తక్కువ.

“ఇన్నేళ్ళనుంచీ మీరు ఈ గది తలుపు మూసుకుంటున్నారు. నన్ను లోపలికి రానివ్వరు. నేనెప్పుడైనా అలిగానా?” అన్నాను.

“గాలొస్తే నా రేకు చిరుగుతుందండి. నేను మీ వైఫైలోకొస్తే ఏం చిరుగుతుంది?”

నిజమే కదా, ఏం చిరుగుతుంది? నాకు తెలుసు గానీ, దాన్ని ఆవిడకి పట్టేలా చెప్పడం ఎలాగో తెలియలేదు. గడప మీద కూర్చుని ఆలోచించాను. అప్పుడు ఒక్కటే తోచింది, అది అనొచ్చో అనకూడదో కూడా తేల్చుకోకుండానే అనేశాను.

కొన్నేళ్ళ కిందట ఆవిడకి గర్భసంచి తీసేశారు. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. కుండ ముందు కూర్చునే ఓపిక ఇక లేదట అని పొక్కితే ఆర్డర్లన్నీ ఇంకో ఇంటికి పోతాయని ఆవిడ భయం. ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కు ఉంది, అటునుంచటే అక్కగారింట్లో కొన్నాళ్ళుండి వస్తానని అందరికీ చెప్పి బయలుదేరింది. వెళ్ళింది రాజమహేంద్రవరం ఆస్పత్రికి. పక్కన ఉన్నది నేను. తిరిగొచ్చేటప్పుడు, నమ్మకం కుదరాలని, పక్క ఊరి గుళ్ళోంచి కుంకుమ పొట్లం కూడా తెచ్చాం.

“మీ ఆపరేషన్ కాగితాలు ఎక్కడున్నాయనుకుంటున్నారు?” అన్నాను, గొంతు బాగా తగ్గించి.

“బీరువాలో.”

“అవి మీ చేతికిచ్చినవి. డాక్టరుగారు చెప్పినదంతా నాలాంటి ఆడమనిషి ఎవరో, ఏ ఊళ్ళోనో ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉంటుంది. ఆవిడకీ ఒక వదినగారుంటుంది. ఆ వదినగారి అరుగు మీద కార్లవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళల్లో ఒకడు మంచివాడు కాకపోతే, చిరిగేది ఎవరండీ?”

లోపల గుడ్డ పక్కన పెట్టేసిన చప్పుడయింది. కుండ మీద గుడ్డ పరవకపోతే కుండ మాడుతుంది, ఆవిడకి అది తెలుసు. అయినా లేచింది. తరవాత తలుపు తెరుచుకుంది. పొయ్యి వెలిగి ఉండగా ఆ తలుపు తెరుచుకోవడం నేను చూడడం అదే మొదలు. లోపల తాడు మీద ఆరేసిన తడిబట్ట, చాప మీద పేర్చిన రేకులు, పొగ, చెమటతో తడిసిన పాతచీరలో ఆవిడ. గాలి తగలగానే పైనున్న రేకులు రెండు లేచి పక్కకి పడి చిట్లాయి. ఆవిడ వాటి వైపు చూడలేదు.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ. ఫోనులో రాసి పంపుతారా నాకు? పక్కింట్లో ఉండి?” అంది. కళ్ళు తుడుచుకుంది.

“పొగేనా వదినగారూ?” అన్నాను.

“నోర్ముయ్యండి” అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్నంత మర్యాదగా ఎప్పుడూ తిట్టలేదు. ఇద్దరం నవ్వాం. నాకైతే నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

ఇంటిదాని పాస్‌వర్డ్ ఇస్తానంటే ఆవిడే వద్దంది. పేరు మాత్రం మార్చమంది. రెండోదానికి పెరడు అని పెట్టించింది, తను వచ్చే దారి అదే కాబట్టి. మంచినీళ్ళు వేరు, ఇది వేరు అని కోడలికి తనే చెప్పి, అరుగు మీద మూత తీసి పొయ్యిలో పడేసింది. మర్నాడు నా గిన్నెనిండా పూతరేకుల ముక్కలొచ్చాయి. తలుపు తీసినప్పుడు చిట్లినవి కూడా అందులోనే ఉన్నాయని చెప్పి పంపింది.

ఆ తరవాత ఆవిడ నన్ను మించిపోయింది. కోడలు ఫోనులో ఏదైనా నొక్కబోతే, “అదేంటో వదినగార్ని అడిగి నొక్కమ్మా” అనేది. కొన్నాళ్ళకి ఆర్డర్లు పెరిగి, డబ్బు కట్టే యంత్రం, అరుగు మీద కెమెరా వచ్చాయి. ఇక మాది చాలదని సొంతంగా వైఫై పెట్టించుకుంది. కేబుల్ అతను పెట్టె బిగించి పోయాక రెండు వైఫైలు చేసి పెట్టడానికి నన్నే పిలిచింది. ఇంటికొకటి, కొట్టుకొచ్చే వాళ్ళకొకటి. కొట్టుదాని పాస్‌వర్డ్ ప్రతి అమావాస్యకీ మారుస్తానంది. పొయ్యి అలికి కుండ మార్చే రోజు అదేనట, ఇదీ ఆ రోజే అయితే మర్చిపోనంది. అంత మంచి పద్ధతి మా కంపెనీ వాళ్ళకి కూడా తోచలేదు. నేను పంతులమ్మ లాగా వేలు చూపిస్తూ పాఠం చెప్పాను. ఇంటిది ఎవరికీ చెప్పకండి, కొట్టేటప్పుడు ఎవరూ చూడకుండా ఇటు తిరిగి కొట్టండి, ఆఖరికి నేనడిగినా ఇవ్వకండి అన్నాను. ఆవిడ, కోడలు ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు.

మొన్న వానాకాలంలో గాలికి కొబ్బరిమట్ట విరిగి పడి మా కేబుల్ తెగింది. ఆ రోజే మా చెల్లెలి మనవరాలి బారసాల. వెళ్ళలేకపోయాను, వీడియోలో చూపిస్తామన్నారు. మా ఇంట్లో ఫోను సిగ్నల్‌కి బొమ్మ కదలదు. ఫోను పట్టుకుని పెరటి దారిన పరిగెత్తాను.

వదినగారు ఏలకులు దంచుతోంది. సంగతి వినగానే చేతులు కొంగుకి తుడుచుకుని నా ఫోను తీసుకుంది. కాస్త పక్కకి తిరిగి, నాకు కనపడకుండా చేయి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. “ఇదిగోండి, వచ్చేసింది. కొట్టుకొచ్చే వాళ్ళది పెట్టాను” అని నా చేతికిచ్చింది.

ఫోనులో మా చెల్లెలు ఉయ్యాల చూపిస్తోంది. పసిపిల్ల ముఖం స్పష్టంగా కనిపిస్తోంది, పాట కూడా వినిపిస్తోంది. అయినా నా గుండెల్లో ఏదో కలుక్కుమంది. ఎందుకో నాకు తెలుసు. అలా అనిపించకూడదని కూడా తెలుసు.

“వదినగారూ, ఇంటిది పెట్టండి” అన్నాను.

“బొమ్మ ఆగిపోతోందాండి?”

“లేదు. బాగానే వస్తోంది.”

“మరేంటి?”

“ఏమో. నాకు ఇంటిదే కావాలి.”

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఆటపట్టిస్తుందనుకున్నాను. ఆవిడకా ఆలోచనే ఉన్నట్టు లేదు. ఏలకుల వాసనేసే చెయ్యి నా భుజం మీద వేసి, “మీరడిగినా ఇవ్వొద్దని చెప్పారు కదండీ” అంది, చాలా మెల్లగా, మారాం చేస్తున్న పిల్లకి నచ్చచెప్పినట్టు. తరవాత వెళ్ళి రోలు ముందు కూర్చుంది.

ఆవిడ చేసింది తప్పు కాదు. ఆవిడ స్థానంలో నేనుంటే నేనూ అదే చేస్తాను. బారసాల అయ్యేదాకా అక్కడే కూర్చుని చూసి ఇంటికొచ్చాను. ఆ పూట మాత్రం నాకు అన్నం సయించలేదు.